ముత్తయ్య దాటేసిన పాఠం

చర్చిలో ముత్తయ్య బైబిలు పాఠం చదవడానికి లేచాడంటే చంటిపిల్లల తల్లులు ముందే వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఇక తొందరగా తెమలదని వాళ్లకు తెలుసు. ఆయన ఒక్క ముక్క వదిలిపెట్టేవాడు కాదు. ఎవరు ఎవరిని కన్నారో, ఏ గోత్రంలో ఎంతమంది ఉన్నారో, నోరు తిరగని ఆ పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టుగా, ఆగి ఆగి, మెడ మీద చెమట తుడుచుకుంటూ చదివేవాడు. "పెద్దయ్యా, గా పేర్లు రెండు మూడు ఇడిసిపెడితే దేవుడు కొడుతడా?" అని పడుచువాళ్లు బయట ఆటపట్టించేవారు. ముత్తయ్య నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. చదువుతున్నంతసేపూ గొంతు మాత్రం వణికేది. ఏళ్ల తరబడి చదివినా ఆ వణుకు పోలేదు.

1968 నాటికి, బెల్లంపల్లి దిక్కున ఆ బొగ్గుబాయి కూలీల ఇళ్ల లైన్లలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఇదొక తమాషా. పాతవాళ్లు మాత్రం నవ్వరు. వాళ్లకు 1959 వానాకాలం గుర్తుంది.

ముత్తయ్య పుట్టింది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లెలో, మాదిగవాడలో. తండ్రి మోటబొక్కెనలు కుట్టేవాడు. మిషన్ పంతులు ఒకాయన పశువుల కొట్టంలో పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పితే, చివరిదాకా నిలిచింది ముత్తయ్య ఒక్కడే. ఆయన జోడీ రాజలింగు రెండో నెలలోనే పలక పగలగొట్టి పాటలు పట్టుకున్నాడు. ఇద్దరికీ బాప్తిస్మం ఒకే రోజు, ఒకే వాగులో అయింది. పంతులు పెట్టిన కొత్త పేర్లు ఇంటికి చేరేలోపే ఇద్దరూ మరిచిపోయారు.

ముత్తయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచీ భయమే. ఉరిమితే భయం, పట్వారీ కనబడితే భయం, ఎవరైనా గట్టిగా మాట్లాడితే భయం. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజున ఇద్దరూ జొన్నచొప్ప గూడులో దూరి పొద్దు గుంకేదాకా ఉన్నారు. ముత్తయ్య పళ్లు టకటకమంటుంటే ఆ చప్పుడు బయటికి వినబడకుండా రాజలింగు తన కండువా తీసి ఆయన నోట్లో కుక్కాడు. ఆ కథ చెప్పిన ప్రతిసారీ మొదట నవ్వేది రాజలింగే. ఎన్నిసార్లు విన్నా ముత్తయ్య కూడా నవ్వేవాడు. ఆ కండువా లేకపోతే తాను లేడని ఆయనకు తెలుసు.

మరుసటి ఏడు ఇద్దరూ పెళ్లాంపిల్లలతో బొగ్గుబాయికి వచ్చారు. బొగ్గు నింపే పని దొరికింది. కాని ముత్తయ్య తట్ట ఎత్తడం కంటే తల ఎత్తడమే ఎక్కువ. పైనుంచి గోరంత పెచ్చు రాలినా అందరికంటే ముందు బయట ఉండేవాడు. పని చేయించే సర్దార్ తిట్టి తిట్టి విసిగిపోయి, చివరికి ఇనుప మొన ఉన్న ఒక కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇగ తట్ట నీతోని కాదు గని కప్పు చూడు. నీ అసొంటోడే చూడాలె. భయం లేనోడు చూస్తే అందరం సస్తం."

ఆ పని ఏమంటే, షిఫ్టుకు బాయిలోకి దిగీ దిగగానే, బొగ్గు తవ్విన ప్రతి సొరంగపు గల్లీలోనూ తలకు పైన ఉన్న రాయిని కర్రతో కొట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి డప్పు మీద తడి గుడ్డ వేసి కొట్టినట్టు బద్దుమంటుంది. బద్దుమంటే దాని కింద టేకు దుంగలు నిలబెట్టేదాకా ఎవరూ పోకూడదు. ముత్తయ్య చెవి అలాంటి ఇలాంటి చెవి కాదు. పదేళ్లలో ఆయన మంచిదన్న కప్పు ఒక్కటీ కూలలేదు. ఆయన కూలుతుందన్నవి చాలా కూలాయి.

బాయిలో ఒక మర్యాద ఉండేది. కప్పు మాట్లాడితే, అంటే సన్న పెచ్చులు రాలి దుంగ కిర్రుమంటే, చేతిలో ఉన్నది అక్కడే పడేసి అందరూ ఉరకాలి. పాతవాడైనా, కొత్తవాడైనా, సర్దార్ అయినా సరే. ఉరికిన తర్వాత కప్పు కూలకపోతే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ లోపలికి పోతారు. ఉరికినవాణ్ణి చూసి నవ్వడం మాత్రం లేదు. అంత మొరటు మనుషుల మధ్య ఆ ఒక్క విషయంలో ఎవరూ తప్పేవారు కాదు.

1958 చివర్లో, ముత్తయ్య లేని షిఫ్టులో, ఒక గల్లీ కూలి ఇద్దరు పోయారు. వాళ్లను బయటికి మోసింది రాజలింగు. ఆ రోజు తర్వాత అతనికి నిద్ర కరువైంది. కళ్లు మూస్తే తన మీద బండ పడుతున్నట్టు లేచి కూర్చునేవాడు. పాటలు ఆగిపోయాయి. భార్య దుర్గవ్వ ముత్తయ్య దగ్గరికి వచ్చి, "అన్నా, ఏమన్న చదువు, ఆయిన జర పండుకుంటడేమో" అని బతిమాలేది. ముత్తయ్య పక్కన కూర్చుని చదివేవాడు. రాజలింగు కళ్లు తెరుచుకుని వినేవాడు, నిద్ర మాత్రం వచ్చేది కాదు.

అలాంటప్పుడు అంబదాస్ వచ్చాడు.

బల్లార్షా నుంచి రైలు దిగి, ఒక గొంగడి, ఒక ట్రంకు పెట్టెతో నేరుగా లైన్లలోకి నడిచి వచ్చాడు. తనను దేవుడు ప్రవక్తగా లేపాడని చెప్పాడు. దొంగచూపుల మనిషి కాడు. రోగి ఉన్న ఇంట్లో పొద్దంతా కూర్చునేవాడు, ఎవరు ఏం పెడితే అది తినేవాడు, పసిపిల్లల ముక్కులు తుడిచేవాడు. అందరినీ మరాఠీలో తమ్ముణ్ణి పిలిచినట్టు "భావూ" అని పిలిచేవాడు. నెల తిరిగేసరికి లైన్లలోని రేకుల చర్చిలో మాట అతనిదైపోయింది. మంచిర్యాల నుంచి నెలకోసారి వచ్చే పాస్టరుగారు ఆ వానాకాలం వాగులు పొంగి రానే లేదు. మిగిలింది పాఠం చదివే ముత్తయ్య. ముత్తయ్య ఎవరికి అడ్డం చెప్పాడు గనక!

అంబదాస్ నూనె ఇచ్చేవాడు. చిన్న సీసాలో మంచినూనె పోసి, ప్రార్థన చేసి, నుదుటికి రాసేవాడు. బాయి దుంగలకు కూడా రాయమనేవాడు.

"అభిషేకం పొందినోడి మీద బండ పడది, భావూ. దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటరని రాసి ఉన్నది, లేదా? రాసి ఉన్నది! మరి కప్పు కిర్రుమంటె నువ్వెందుకు ఉరుకుతున్నవ్? ఉరికినోడు దేవుణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే."

ఒక ఆదివారం అందరి ముందూ అడిగాడు. "ఈ వారం ఎవరెవరు ఉరికిండ్రు? లేసి నిలబడుండ్రి." ఆరుగురు లేచారు. పదేళ్లుగా ఎవరూ నవ్వని పనికి ఆ రోజు ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. లేచినవాళ్లలో ముత్తయ్య అల్లుడు పోశం ఉన్నాడు. ఇరవై రెండేళ్లవాడు, మాట పడనివాడు. ఆ మధ్యాహ్నమే పోయి నుదుటికి నూనె రాయించుకున్నాడు. ముత్తయ్య కూతురు నర్మదకు అప్పుడు ఐదో నెల.

రాజలింగు అంతకుముందే రాయించుకున్నాడు. రాయించుకున్న రోజు పడుకున్నవాడు మర్నాడు దుర్గవ్వ తట్టి లేపితే గాని లేవలేదు. దుర్గవ్వ ఆనందంతో ఏడుస్తూ ముత్తయ్య ఇంటికి వచ్చి చెప్పింది. ముత్తయ్య కూడా ఏడ్చాడు. తన చదువు చేయలేనిది ఆ నూనె చేసింది. అది అబద్ధమని అనడానికి తానెవడు?

కాని పోశం నూనె రాయించుకున్న ఆ వారమే నాలుగో అధ్యాయం వంతు వచ్చింది.

పాస్టరుగారు చివరిసారి వచ్చి వెళ్లేముందు ముత్తయ్యకు ఒక మాట చెప్పి వెళ్లారు. సువార్త మొదటి నుంచి మొదలుపెట్టు, ఆదివారానికి ఒక అధ్యాయం చదువు, నచ్చింది ఏరుకోవద్దు, నచ్చంది దాటొద్దు అని. శనివారం ముత్తయ్య గుమ్మంలో కూర్చుని రేపటి పాఠం చూసుకుంటున్నాడు. అందులో సైతాను ప్రభువును గుడి శిఖరం మీద నిలబెట్టి కిందికి దుంకమంటాడు. దూతలు ఎత్తి పట్టుకుంటారని రాసుంది గదా అని, వాక్యమే తెచ్చి చూపిస్తాడు. ప్రభువు దుంకడు. దేవుణ్ణి శోధించకూడదని కూడా రాసుందంటాడు.

ముత్తయ్య ఆ వాక్యం రెండోసారి చదివాడు, మూడోసారి చదివాడు. అంబదాస్ నోట రోజూ వింటున్న ఆ మాటే ఇక్కడ ఎవరి నోట ఉందో చూసి ఆయన ఒళ్లు చల్లబడిపోయింది.

"ఏమైందయ్యా? ముఖం గట్లయింది?" అంది భార్య మల్లక్క.

చెప్పాడు. మల్లక్కకు చదువు రాదు గాని తెలివి తక్కువ కాదు. "రాసి ఉన్నదే సదువుతవ్ గదా. నువ్వు చెప్పేదేమున్నది?"

"గదే భయం. నేను చెప్పుడైతే నవ్వి ఇడిసిపెడుతరు. ఇది ఇడువరు."

"మరి సదువు."

"ఒకవేళ గాయిననే నిజమైతే? దేవుడు పంపినోణ్ణి నేను సైతానంటే, నా గతేంది మల్లక్కా?"

ముత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. అంబదాస్ బల్ల పక్కన కుర్చీలో కూర్చుని, లేచి వస్తున్న ముత్తయ్యను చూసి ప్రేమగా నవ్వాడు. ముందు వరసలో రాజలింగు కూర్చుని ఉన్నాడు. కంటి కింద నలుపు పోయింది, మొహం తేటగా ఉంది. ముత్తయ్య పుస్తకం తెరిచాడు. నాలుగో అధ్యాయం కనబడింది. రెండు కాగితాలు తిప్పాడు. చేపలు పట్టేవాళ్ల సంగతి ఉన్న ఐదో అధ్యాయం చదివి కూర్చున్నాడు. ఎవరూ గమనించలేదు. మల్లక్క ఒక్కతే తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

ముత్తయ్య చేసిన పాపం అంతే. రెండు కాగితాలు తిప్పడం. దాన్ని ఎవరూ పాపమని కూడా అనరు.

తర్వాతి వారాల్లో గల్లీల్లో దుంగలు తగ్గాయి. నాలుగు ఉండాల్సిన చోట రెండు నిలబెట్టి, వాటికే నూనె రాసేవారు. దుంగ మోసుకొచ్చి, కోసి, బిగించేసరికి గంట పోతుంది. ఆ గంట మిగులుతుంటే పై అధికారికి కూడా అభ్యంతరం లేదు. ముత్తయ్య పోయి చెబితే, సర్దార్ పైన ఉండే ఓవర్‌మన్ పళ్లికిలించాడు. "నీకు మొదటి నుంచి భయమే గదరా. నీ లెక్క చూస్తే బాయి మూసుకోవాలె." తనది భయమో, నిజంగా కప్పు చెబుతున్నదో తనకే తెలియని స్థితికి వచ్చాడు. వానలకు రాయి తడిసి రోజురోజుకీ బద్దుమంటున్న చోట్లు పెరిగాయి.

ఒక రోజు పోశం అన్నానికి వస్తే, విస్తరి ముందు కూర్చోబెట్టి మెల్లగా అన్నాడు.

"అల్లుడా, కప్పు మాట్లాడితే ఉరుకు. నీ కాళ్లు మొక్కుత."

పోశం ముద్ద ఆపాడు. "మామా, నువ్వు ప్రతి ఆదివారం సదివే పుస్తకం కంటె నీకు నీ కర్ర మీదనే ఎక్కువ నమ్మకమా?"

నర్మద తండ్రి వైపు చూసింది. అప్పుడైనా చెప్పొచ్చు. నాలుగో అధ్యాయం తీసి అల్లుడి ముందు పెట్టొచ్చు. పెడితే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతాడు. ముత్తయ్య చారు అందుకుని విస్తట్లో పోశాడు. "తిను బిడ్డా," అన్నాడు.

సెప్టెంబరు మొదటి గురువారం, పొద్దుటి షిఫ్టు. రాజలింగు, పోశం జంటగా నింపుతున్న గల్లీకి ముత్తయ్య చేరేసరికి బొగ్గు పోసే టబ్బు సగం నిండింది. కర్రతో కొట్టాడు. బద్దుమంది. అడుగు పక్కకు జరిగి కొట్టాడు. అక్కడా అదే. ఇంకో అడుగు. గల్లీ అడ్డంగా మొత్తం విడిపోయి ఉంది. కింద దుంగలు రెండే, దీపం వెలుతురులో నూనెతో మెరుస్తున్నాయి.

"బయటికి రాండ్రి! జల్ది రాండ్రి!"

రాజలింగు పాట పాడుతున్నాడు. ఇన్ని నెలల తర్వాత తిరిగి వచ్చిన పాట. ఆపకుండానే చెయ్యి ఊపాడు. పోశం బొగ్గు ఎత్తే చెమ్మస్ పార పట్టుకుని రాజలింగు వైపు చూశాడు. ఆరుగురిలో ఒకడిగా నిలబడ్డ రోజు అతని మొహంలో కనబడింది. కదలలేదు.

పైనుంచి సన్న పెచ్చులు రాలాయి. దుంగ కిర్రుమంది.

ముత్తయ్య కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. పదేళ్ల అలవాటు. వెనక గట్టి బొగ్గు స్తంభం ఉంది, అక్కడికి పోతే బతుకుతాడు. నాలుగు అడుగులు వేశాడు కూడా. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. పోశం ఇంకా అక్కడే ఉన్నాడు. నర్మద కడుపు గుర్తొచ్చింది. భయంతో ఉచ్చ పడింది, అది తెలుస్తూనే ఉంది, అయినా తిరిగి ఆ కప్పు కిందికే నడిచాడు. పోశం చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాక కాళ్లు రెండూ చచ్చుబడిపోయి కూలబడ్డాడు. లేవబోతే లేవలేకపోయాడు. నటన కాదు. జన్మలో అంత భయం ఆయన ఎరగడు.

"లే మామా! నువ్వు పో!"

"కాళ్లు వస్తలేవు పోశం. నాకు నూనె లేదు. నువ్వు బతుకుతవేమో, నేను సస్త. నన్ను తీస్కపో. నన్ను తీస్కపో బిడ్డా."

పోశానికి తన నమ్మకం తన తలకు చాలు. ముసలాయన తలకు అది చాలుతుందని ఎవరూ చెప్పలేదు. చెమ్మస్ విసిరేసి, మామను గోనెసంచి ఎత్తినట్టు భుజాన వేసుకున్నాడు.

"కాకా! రా కాకా!" అని అరిచాడు.

రాజలింగు దుంగను ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని మొహంలో మొండితనం లేదు. చాలా అలసిపోయినవాడి మొహం అది.

"ఇన్నేండ్లు ఉరికిన, పోశం. ఇగ నాతోని ఉరుకుడు కాదు. పోండ్రి. ముత్తిగా, భయపడకురా. ఏం కాదు."

భుజం మీద తలకిందులుగా వేలాడుతూ ముత్తయ్య విన్న చివరి మాట అది. పోశం స్తంభం మలుపు తిరిగాడో లేదో వెనక లోకం విరిగినట్టు చప్పుడైంది. గాలి ఇద్దరినీ ఎత్తి గోడకు కొట్టింది. దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లో ముత్తయ్య రాజలింగును పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ మళ్లీ పిలిచాడు.

శవాన్ని తీయడానికి మర్నాడు మధ్యాహ్నం అయింది. రైలు కట్ట పక్కనున్న సమాధుల దొడ్డిలో సాయంత్రం పూడ్చారు. అంబదాస్ ప్రార్థన చేశాడు. అతని మొహం పాలిపోయి ఉంది. భయపడ్డాడని ముత్తయ్యకు తెలిసిపోయింది, భయం సంగతి ముత్తయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నిమిషం అంబదాస్ నిజం ఒప్పుకుంటాడేమో అనిపించింది. కాని అతను గొంతు సవరించుకున్నాడు.

"దేవుడు అబద్ధమాడడు, భావూ. నూనె తప్పు కాదు. పోశం నిలబడ్డడు, బతికిండు. ఈయన లోపల ఏదో పాపం దాసుకున్నడు. మనకు తెల్వది, దేవునికి తెలుసు."

దుర్గవ్వ ఏడుపు ఆగిపోయింది. అంతవరకు గుండెలు బాదుకున్న మనిషి బొమ్మలా అయిపోయింది. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి తనకు తెలియకుండా ఏం పాపం దాచాడా అని అక్కడే, మట్టి ముందే, వెతుక్కోవడం మొదలుపెట్టినట్టుంది. లైన్లలోకి తిరిగి వస్తున్నప్పుడు ఆడవాళ్లు ఆమెకు దూరంగా నడిచారు. ముత్తయ్య ఇది కళ్లతో చూశాడు.

ఆదివారం పదమూడో అధ్యాయం వంతు. ముత్తయ్య దాన్ని వెతకలేదు, వరసలో అదే వచ్చింది. శనివారం గుమ్మంలో కూర్చుని దాన్ని చివరిదాకా చదివాడు. మల్లక్క నీళ్లు తెచ్చి ఇచ్చింది.

చర్చిలో అంబదాస్ ఆ కుర్చీలోనే ఉన్నాడు. దుర్గవ్వ ఒక మూల ఒంటరిగా కూర్చుంది, ఆమె చుట్టూ చాప ఖాళీగా ఉంది. ముత్తయ్య లేచాడు. బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టాడు.

యెరూషలేములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి అది. వాళ్లు ఊళ్లో అందరికంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ప్రభువు అడుగుతాడు. జవాబు కూడా తానే చెబుతాడు. కాదు అంటాడు.

"కాదు" అన్నాక ముత్తయ్య తలెత్తి దుర్గవ్వ వైపు చూశాడు.

"చాలు, భావూ," అన్నాడు అంబదాస్ మెత్తగా. "కూసో."

పెద్దగొంతుతో అని ఉంటే ముత్తయ్య ఏమయ్యేవాడో! ఆ మెత్తదనమే ఆయన్ని ఇంకా భయపెట్టింది. కూర్చోవాలని ఒళ్లంతా కోరుకుంది. అక్కడ ఆగినా ఎవరూ తప్పుపట్టరు, దుర్గవ్వకు కావలసిన మాట వచ్చేసింది. కాని దాని వెంట ఇంకో మాట ఉంది. మారుమనస్సు పొందకపోతే మీరంతా అలాగే నశిస్తారని. దుఃఖంలో ఉన్న మనుషులకు అది ఎవరూ చదవరు. ముత్తయ్య చదివాడు. వణుకుతూ, మింగుతూ, అదీ చదివాడు. అధ్యాయం చివరిదాకా చదివి, పుస్తకం మూయకుండా అలాగే నిలబడ్డాడు.

పోశం లేచాడు. "నేను నిలబడలే," అన్నాడు. "నేను ఉరికిన. మామను ఎత్తుకొని ఉరికిన, గందుకే బతికిన. అంబదాస్ అయ్యా, నా పేరు మీద అబద్ధం చెప్పకు." నుదురు అరచేత్తో గట్టిగా తుడుచుకుని బయటికి నడిచాడు. అతని వెనక ఇద్దరు ముగ్గురు లేచారు. చాలామంది లేవలేదు. అంబదాస్ తల వంచుకుని ఏదో ప్రార్థిస్తున్నట్టు ఉండిపోయాడు.

దుర్గవ్వ మూల నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా మాట ఇంకోసారి సదువు. కాదన్న మాట."

చదివాడు.

"అయితే మా ఆయిన పాపం ఏం లేదా?"

"అందరికి ఉన్నట్టే ఉంటది, చెల్లె. బండ గందుకు పడలే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండా పీల్చింది. వెళ్లబోయి ఆగింది.

"ఉరకొద్దు, నిలబడుండ్రి అని గాయిన ఇన్ని దినాలు చెప్పిండు గదా. అది తప్పని ఎక్కడన్న రాసి ఉన్నదా?"

లేదు అనొచ్చు. ఆమెకు చదువు రాదు. ముత్తయ్య పళ్లు టకటకమన్నాయి.

"ఉన్నది. నాలుగో అధ్యాయం. ఎనిమిది వారాల కింద వంతు వచ్చింది. నేను దాటేసిన."

"ఎందుకు?"

"భయమైంది చెల్లె."

దుర్గవ్వ తిడుతుందని కళ్లు మూసుకున్నాడు. తిట్టలేదు.

"మా ఆయిన నీ మాట ఇనేటోడు, అన్నా," అంది. "నువ్వు సదివితే ఇనేటోడు."

"ఇనేటోడు," అన్నాడు ముత్తయ్య.